ఆర్వీకి ఇంటి దగ్గరే రేకుల నీడ: కార్‌పోర్ట్ ఎలా కొనాలి

ఆర్వీ, అంటే లోపలే పడక, వంట, బాత్రూమ్ ఉండే ప్రయాణాల బండి, కొన్న కొత్తలో ఏ స్టేట్ పార్కుకి వెళ్దాం, ఏ లేక్ పక్కన దింపుదాం అన్న ధ్యాసే ఉంటుంది. ఆ బండి ఏడాదిలో మూడొందల రోజులు ఇంటి దగ్గర ఎండలోనే నిలబడి ఉంటుందన్న సంగతి మూడో వేసవికి గానీ తట్టదు. మాకూ అంతే. మా ఇల్లు డాలస్‌కి ఉత్తరాన, ఎకరం స్థలంలో. ఓ ఆగస్టు సాయంత్రం నిచ్చెన వేసుకుని ట్రక్కుకి తగిలించి లాగే రకమైన మా ఫిఫ్త్ వీల్ ఆర్వీ పైకెక్కి చూస్తే, బాత్రూమ్ మీది స్కైలైట్ చుట్టూ పూసిన సీలెంట్ ఎండిపోయిన చెరువు మట్టిలా నెర్రెలిచ్చి ఉంది. పక్కన బొటనవేలితో నొక్కితే కింది ప్లైవుడ్ మెత్తగా లోపలికి దిగింది. ఎన్ని వానల నీళ్ళు అందులోకి ఇంకాయో మరి.

ఆర్వీల కప్పు చాలావాటికి ఈపీడీఎం గానీ టీపీఓ గానీ, అంటే రబ్బరు లాంటి పల్చని పొర. ఎండ మొదట ముట్టుకునేది దాన్ని, దాని అతుకుల దగ్గర పూసిన సీలెంట్‌ని. తర్వాత టైర్లు. ఆర్వీ టైర్లు అరిగి పోవు, ఒకేచోట నిలబడి పక్కలు పగిలి పోతాయి. అందుకే ట్రెడ్, అంటే టైరు మీది గాళ్ళు, ఎంత బాగున్నా ఐదు నుంచి ఏడేళ్ళలో మార్చేయమంటారు. ఇక ఉత్తర టెక్సస్‌లో వసంతకాలం వడగళ్ళ సంగతి ఇక్కడ ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఏసీ మూతలు, వెంట్ మూతలు ఒక్క వానకే చిల్లులు పడతాయి.

బయట స్టోరేజ్‌లో పెడితే నెలనెలా అద్దె కట్టాలి, బయల్దేరినప్పుడల్లా అక్కడికి పోయి సామాను సర్దుకోవాలి. సొంత స్థలం ఉంటే ఇనుప కార్‌పోర్ట్ వేసుకోవడమే మంచిది. అయితే దాన్ని సోఫా కొన్నట్టు రంగు, ధర చూసి కొనకూడదు. అమ్మేవాళ్ళు రేకు చూపిస్తారు. మీరు మాత్రం ఎత్తు చూడాలి, నేల చూడాలి, నేలకి దాన్ని దేనితో బిగిస్తారో చూడాలి. ఈ మూడూ కుదిరాకే రంగు సంగతి.

ముందు అనుమతి, ఆ తర్వాతే బేరం

మీ ఇల్లు హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం కిందుంటే మొదట తీయాల్సింది ఇల్లు కొన్నప్పుడు ఇచ్చిన డీడ్ రిస్ట్రిక్షన్ల (స్థలంలో ఏం చేయకూడదో చెప్పే షరతుల) కాయితాలు. ఫ్రిస్కో, ప్లేనో, ప్రాస్పర్ వైపు మనవాళ్ళుండే కాలనీల్లో చాలాచోట్ల రోడ్డు మీదికి కనబడేలా ఆర్వీ నిలపడమే ఒప్పుకోరు, ఇనుప షెడ్డు మాట సరేసరి. కమిటీ వాళ్ళు నోటిమాటగా ‘ఏం పర్లేదు’ అంటే ఆగిపోకండి. బొమ్మ, కొలతలు, రంగు జతచేసి దరఖాస్తు పెట్టి రాతపూర్వకంగా తెచ్చుకోండి. వేశాక తీసేయమంటే మీ దగ్గర కాయితం ఉండాలి.

సిటీ పరిధిలో ఉంటే పర్మిట్ తప్పదనుకోండి. చాలా ఊళ్ళు పాటించే ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్‌లో పర్మిట్ అక్కర్లేని విడి షెడ్డుకి హద్దు 200 చదరపు అడుగులు, కొన్ని ఊళ్ళు దాన్ని ఇంకా తగ్గించాయి. ఆర్వీకి వేసేది 18 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు అనుకుంటే 720 చదరపు అడుగులైంది. టెక్సస్‌లో ఊరి పరిధి దాటి కౌంటీ కింద ఉన్నవాళ్ళకి ఈ గొడవ చాలావరకు తక్కువే, కానీ వరద ముంపు ప్రాంతమా కాదా అన్నది కౌంటీలో కనుక్కోవాలి.

పర్మిట్ ఆఫీసుకి వెళ్ళేముందు ఇంటి సర్వే కాయితం బల్ల మీద పరిచి మూడు గీతలు వెతకండి. సరిహద్దు నుంచి ఎన్ని అడుగులు వదలాలో చెప్పే సెట్‌బ్యాక్ గీత ఒకటి. కరెంటు, గ్యాసు వాళ్ళ లైన్ల కోసం వదిలిన పట్టీ, అదే ఈజ్‌మెంట్, ఇంకోటి, అందులో ఏమీ కట్టకూడదు. మూడోది ఎకరాల్లో ఉండేవాళ్ళు మర్చిపోయేది: సెప్టిక్. ట్యాంకు మీదా, దాని నీళ్ళు ఇంకే నేల మీదా బండి బరువు పడితే పైపులు చితికిపోతాయి. పైకి నీళ్ళు చిమ్మే ఏరోబిక్ రకం అయితే ఆ చిమ్మే చుట్టుకొలత లోపల కూడా కార్‌పోర్ట్ రాకూడదు.

నేలలోకి ఏది దింపాలన్నా కనీసం రెండు పనిదినాల ముందు 811కి ఫోన్ చేయండి. ఉచితమే. వాళ్ళొచ్చి గ్యాసు, కరెంటు, ఫోను లైన్లు ఎటు పోతున్నాయో రంగులతో గీసి, జెండాలు పాతి పోతారు. మీరు సొంతంగా వేయించుకున్న స్ప్రింక్లర్ పైపులు, ప్రొపేన్ ట్యాంకు లైను మాత్రం వాళ్ళు గీయరు, అవి మీరే చూసుకోవాలి.

కొలతలు: బ్రోషర్ కాదు, టేపు

ఇక్కడ నేను డబ్బు పోగొట్టుకున్నాను కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. మొదటిసారి ఒక డీలర్ దగ్గరికి వెళ్ళినప్పుడు ‘ఆర్వీ ప్యాకేజీ’ అని ఒక బొమ్మ చూపించాడు. ఆర్వీకనే అమ్ముతున్నాడు కదా, సరిపోకేం అనుకుని అడ్వాన్స్ కట్టేశాను. ఇంటికొచ్చి కాయితం తీరిగ్గా చదివితే కాళ్ళ ఎత్తు 12 అడుగులు. మా బండి ఏసీతో కలిపి 12 అడుగుల 10 అంగుళాలు. మారుస్తానంటే కుదరదన్నారు, వద్దంటే అడ్వాన్స్ తిరిగి రాదన్నారు. అది అలాగే పోయింది. ‘ఆర్వీ’ అన్న పేరుకి ఒక కొలతంటూ లేదు. వ్యాను లాంటి క్లాస్ బీ నుంచి బస్సు లాంటి క్లాస్ ఏ దాకా అన్నీ ఆర్వీలే.

ఎత్తు ఇలా కొలవండి. టైర్లలో గాలి నిండుగా పెట్టి, బండిని చదునైన చోట నిలపండి. పైన అన్నిటికన్నా ఎత్తైనది ఏదో చూడండి, చాలాసార్లు అది ఏసీ డబ్బా, కొన్నిటికి యాంటెన్నా. ఒకరు పైనుండి తిన్నని కర్రని దాని మీద అడ్డంగా ఆనించి బయటికి చాచాలి. ఆ కర్ర మీద లెవెల్ పెట్టి, బుడగ మధ్యలో ఉన్నప్పుడు ఇంకొకరు కింద నుంచి కర్ర అడుగుకి టేపు పట్టాలి. ఫిఫ్త్ వీల్ అయితే ఇంకో మెలిక ఉంది. ట్రక్కుకి తగిలించేటప్పుడు, విప్పేటప్పుడు ముందు భాగం లేస్తుంది. ఎంత పైకి లేపుతారో అంతా లేపి అక్కడ కూడా కొలవండి. వెంట్ మూతలు తెరిచిపెట్టే అలవాటుంటే తెరిచి కొలవండి.

వచ్చిన కొలతకి కనీసం ఒక అడుగు కలపండి, అడుగున్నర అయితే ఇంకా మంచిది. డ్రైవ్‌వే ఏటవాలుగా ఉంటే అడుగున్నర తప్పనిసరి, ఎందుకంటే ముందు చక్రాలు చదును మీదికి వచ్చి వెనక చక్రాలు ఇంకా వాలులో ఉన్నప్పుడు కప్పులో ఏదో ఒక మూల మామూలు కన్నా పైకి వస్తుంది. అమ్మేవాళ్ళు చెప్పే ‘లెగ్ హైట్’ పక్క కాలి ఎత్తు, మధ్యలో శిఖరం ఎత్తు కాదు. మా బండికి చివరికి 14 అడుగుల కాళ్ళు తీసుకున్నాం. అంత ఎత్తు కాళ్ళని చాలా కంపెనీలు ఒంటిపైపుతో కాక రెండు పైపులు కలిపి నిచ్చెనలా చేసి ఇస్తాయి. మీకిచ్చే బొమ్మలో అలా ఉందో లేదో చూడండి.

వెడల్పు దగ్గర 12 అడుగులది చౌకగా కనబడి ఊరిస్తుంది. బండి ఒళ్ళు ఎనిమిదిన్నర అడుగులు. అంటే అటూ ఇటూ రెండడుగులు కూడా మిగలవు. ఆ మిగిలిన చోటులోనే మూలల్లో కాలికీ కప్పుకీ మధ్య ఏటవాలుగా బిగించే బ్రేసులు వస్తాయి. తలుపు తీయాలి, మెట్లు దించాలి, ఓ వైపైనా స్లైడ్ (బండి పక్క నుంచి బయటికి జరిగే గది భాగం) బయటికి రావాలి, నిచ్చెన వేసి పైకెక్కాలి అంటే 18 అడుగులకి తగ్గకండి. రెండు వైపులా స్లైడ్లు తెరిచి, నీడలో కూర్చుని సర్దుకోవాలనుకుంటే 20, 22.

పొడవులో మోసపోయేది మోడల్ నంబరు దగ్గర. పేరులో 28 అని ఉంటే అది చాలాసార్లు డబ్బా పొడవుకి దగ్గరి అంకె. ముందు హిచ్ (ట్రక్కుకి తగిలించే భాగం) కొస నుంచి వెనక బంపరు, నిచ్చెన, స్పేర్ టైరు దాకా కొలిస్తే మూడు నాలుగు అడుగులు ఎక్కువ తేలుతుంది. మామూలు గుండ్రటి కప్పు రకంలో కప్పు పొడవు కన్నా కింది ఫ్రేము ఒక అడుగు తక్కువ ఉంటుంది, 21 అడుగుల కప్పుకి 20 అడుగుల ఫ్రేము. కాబట్టి ఏ పొడవు చెప్తున్నారో అడగండి. బండికి అటో రెండడుగులు, ఇటో రెండడుగులు ఎక్కువ కప్పు ఉంటే వాలు వానకి, వాలు ఎండకి అక్కరకొస్తుంది.

ఏ కప్పు, ఎంత మందం

కప్పులు మూడు రకాలు. మూలలు గుండ్రంగా వంగి దిగేది రెగ్యులర్, అన్నిటికన్నా చౌక. ఇంటి కప్పులా కోసుగా ఉండి, రేకు గాళ్ళు పొడవునా పోయేది ఏ-ఫ్రేమ్. మూడోది వర్టికల్, దీనిలో రేకు గాళ్ళు శిఖరం నుంచి పక్కలకి దిగుతాయి. మొదటి రెండిటిలో నీళ్ళు గాళ్ళకి అడ్డంగా దిగాలి, ఆకులు, మట్టి అక్కడే పేరుకుంటాయి. పైగా కప్పు 36 అడుగులు దాటితే రేకులు పొడవునా అతకాలి, ఆ అతుకే ముందు కారేది. ఆర్వీకి వర్టికల్ తీసుకోండి. దాని కింద అదనంగా అడ్డపట్టీలు వేస్తారు కాబట్టి కప్పూ గట్టిగా ఉంటుంది. ధర తేడా ఉంటుంది, కానీ తగ్గించుకోవాల్సిన చోటు ఇది కాదు.

గేజ్ సంగతి తిరకాసుగా ఉంటుంది: అంకె తగ్గేకొద్దీ మందం పెరుగుతుంది. పైపులు 14 గేజ్, 12 గేజ్ అని రెండు రకాలు. 14 గేజ్ గోడ మందం సుమారు 2 మిల్లీమీటర్లు, 12 గేజ్‌ది సుమారు 2.7. అయితే 14 గేజ్ పైపు రెండున్నర అంగుళాల చదరంగా, 12 గేజ్ పైపు రెండుంపావు అంగుళాల చదరంగా చేస్తారు. అందుకే పక్కపక్కన పెడితే పల్చనిదే లావుగా కనబడుతుంది, చూపుకి నమ్మకండి. 12 గేజ్‌కి తుప్పు చిల్లుల మీద 20 ఏళ్ళ వారంటీ ఇచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. రేకు మామూలుగా 29 గేజ్, కాస్త డబ్బు ఎక్కువ పెడితే 26. వడగళ్ళ ఊళ్ళో ఉండేవాళ్ళు 26 తీసుకోవడం మంచిది. 29కి సొట్టలు పడతాయి, అయినా కింద బండి మాత్రం క్షేమంగానే ఉంటుంది.

ఇంకో ప్రశ్న తప్పక అడగండి: విల్లులా వంచిన ఆ ఫ్రేములు ఎన్ని అడుగులకి ఒకటి? సాధారణంగా ఐదడుగులకి ఒకటి. గాలి ఎక్కువ ఉన్నచోట నాలుగు అడుగులకి వేయించుకోవచ్చు.

పడమటి వైపు ఎండ గురించి కూడా ఆర్డర్ ముందే ఆలోచించండి. సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా కప్పు కింద నుంచే టైర్ల మీద పడుతుంది. ఆ వైపు పైన మూడడుగులో, లేదా నిండుగానో పక్క రేకు వేయించుకుంటే బాగుంటుంది. కానీ పక్క రేకు వేస్తే గాలి పట్టే తీరు మారిపోతుంది. ఇంజినీరు బొమ్మలోనే అది ఉండాలి, వేశాక తర్వాతెప్పుడో తగిలించుకునేది కాదు.

నేల

డాలస్ చుట్టుపక్కల నేలని ఇక్కడివాళ్ళు బ్లాక్‌ల్యాండ్ అంటారు. మనకి తెలిసిన మాట చెప్పాలంటే నల్లరేగడి. గుంటూరు పత్తి చేలల్లో పెరిగినవాళ్ళకి దీని గుణం వివరించక్కర్లేదు. జూలైలో చేయి పట్టేంత నెర్రె ఇస్తుంది, అక్టోబరు వానకి ఉబ్బుతుంది. ఇళ్ళ పునాదులనే కదిలిస్తుంది. దీని మీద పల్చగా కాంక్రీటు పోస్తే ఏడాదికే పగులుతుంది.

క్లాస్ ఏ మోటార్‌హోమ్ అయితే 13,000 పౌండ్ల నుంచి 30,000 పౌండ్ల పైదాకా ఉంటుంది. కారు షెడ్డుకి పోసే నాలుగు అంగుళాల స్లాబు దానికి చాలదు. ఐదారు అంగుళాల మందం, లోపల ఇనుప కడ్డీలు, అంచుల వెంట లోతుగా బీము ఉండాలి. దీన్ని స్థానిక కాంక్రీటు కాంట్రాక్టరుతో మాట్లాడి, కార్‌పోర్ట్ కంపెనీ ఇచ్చే యాంకర్ల (కాళ్ళని నేలకి పట్టి ఉంచే బిగింపుల) ప్లాను చూపించి పోయించండి. స్లాబు ఫ్రేము కన్నా అన్ని వైపులా అర అడుగు నుంచి అడుగు పెద్దగా ఉండాలి, అంచుకి మరీ దగ్గరగా బోల్టు దింపితే అంచే విరిగిపోతుంది. పోశాక ఆత్రపడి బిగించకండి. కాంక్రీటు బలం లెక్క వేసేది 28 రోజులకి. అంత ఆగలేకపోతే ఎన్నాళ్ళు ఆగాలో కంపెనీని, కాంట్రాక్టరుని ఇద్దరినీ అడగండి.

కాంక్రీటు ఖర్చు పెట్టలేకపోతే దిమ్మిస కొట్టిన కంకర పరుపు చేయించి, మట్టి యాంకర్లతో కూడా నిలబెట్టొచ్చు. చాలామంది అలాగే ఉంటున్నారు. ఏది చేసినా నేల సమంగా ఉండాలి. బిగించేవాళ్ళు మట్టి చదును చేయరు. వచ్చి చూసి నేల ఎగుడుదిగుడుగా ఉంటే సామాను దించకుండానే వెళ్ళిపోతారు, మళ్ళీ రావడానికి వేరే రుసుము. అందుకే వాళ్ళు వచ్చే వారం ముందే మీరే చూసుకోండి. మా నాన్నగారు ఆ ఏడు ఇక్కడే ఉన్నారు. లేజరు అద్దెకి తెస్తానంటే వద్దని, తోటకి నీళ్ళు పట్టే సామాను అమ్మే దుకాణంలో 50 అడుగుల పారదర్శకమైన సన్న గొట్టం కొనిపించారు. ఊళ్ళో మేస్త్రీలు చేసినట్టే అందులో నీళ్ళు నింపి, బుడగలన్నీ పోయేదాకా ఓపికపట్టి, ఓ కొస నేను, ఓ కొస ఆయన పట్టుకుని నాలుగు మూలలా మేకుల మీద గీతలు పెట్టాం. వాయవ్య మూల రెండు అంగుళాలు దిగి ఉంది. కంటికి అది అస్సలు కనబడలేదు.

అలాగే మూలమట్టం. 18 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు గీసుకున్నాక రెండు ఐమూలలూ టేపుతో కొలవండి. రెండూ 43 అడుగుల 10 అంగుళాల పైచిలుకు రావాలి, ఒకదానితో ఒకటి సరిపోవాలి. సరిపోకపోతే నలుచదరం వంకరగా ఉన్నట్టు.

యాంకర్లు: రేకు పోయేది పైకి

మన కోస్తా ఊళ్ళలో తుఫాను వస్తుందని రేడియోలో చెప్పగానే రేకుల మీద ఇసుక బస్తాలు ఎందుకు వేస్తారో గుర్తుందా? రేకు కూలిపోతుందని కాదు, లేచిపోతుందని. నాలుగు వైపులా తెరిచిన కార్‌పోర్ట్ కింద గాలి దూరి గొడుగుని లేపినట్టు లేపుతుంది. ఓ లెక్క చూడండి. గంటకి 90 మైళ్ళ గాలి ఒత్తిడి చదరపు అడుగుకి దాదాపు 20 పౌండ్లు. కప్పు 720 చదరపు అడుగులు అయితే 14,400 పౌండ్లు, అంటే ఆరున్నర టన్నులు. అసలు లెక్కలో కప్పు వాలు, మూలలు అన్నీ కలిపి ఇంజినీరు తేలుస్తాడు గానీ, ఎంత బలం మీద మాట్లాడుతున్నామో తెలియడానికి ఈ అంకె చాలు. కార్‌పోర్ట్ సొంత బరువు దీనికి ఆమడ దూరంలో ఉంటుంది. దాన్ని నేలకి పట్టి ఉంచేది యాంకరొక్కటే.

చౌక ధరలో కలిపి ఇచ్చేది తరచూ రీబార్ యాంకర్, అంటే రెండున్నర అడుగుల కడ్డీని నేలలోకి కొట్టి వదిలేయడం. నల్లరేగడి నెర్రె ఇచ్చాక ఆ కడ్డీని చేత్తో లాగినా వచ్చేలా ఉంటుంది. గాలికి సర్టిఫై చేసిన కార్‌పోర్ట్ కావాలంటే మట్టిలోకి స్క్రూలా తిప్పి దించే, కింద పళ్ళెం లాంటి రెక్క ఉండే మొబైల్ హోమ్ యాంకర్లు కావాలి. కాంక్రీటు మీదైతే వెడ్జ్ యాంకర్లు, బిగించేకొద్దీ లోపల విచ్చుకుని పట్టేవి. మూలలకి నాలుగు వేస్తే చాలదు. ప్రతి కాలి పక్కనా ఉండాలి. ఆర్డర్ కాయితంలో ఎన్ని యాంకర్లు, ఏ రకం అన్నది అంకెలతో రాయించుకోండి.

మీ ఊరికి గాలి వేగం, మంచు బరువు ఎంతకి కట్టాలో పర్మిట్ ఆఫీసులో చెప్తారు. ఆ అంకెలకి మీ రాష్ట్రం ఇంజినీరు ముద్ర వేసిన బొమ్మలు కావాలని అడగండి. వేరే రాష్ట్రం ముద్ర ఉన్న బొమ్మ చెల్లదు. టెక్సస్ సముద్రతీరపు కౌంటీల్లో ఉండి విండ్‌స్టార్మ్ బీమా తీసుకునేవాళ్ళకి డబ్ల్యూపీఐ-8 అనే సర్టిఫికెట్ కూడా కావాలి, కట్టక ముందే ఆ మాట ఎత్తండి.

డీలరుతో మాట్లాడేటప్పుడు

రోడ్డు పక్కన రెండు నమూనాలు పెట్టుకుని కూర్చున్న వ్యక్తి చాలాసార్లు తయారీదారు కాదు, ఆర్డర్లు రాసుకునే డీలరు. తయారీ ఎక్కడో, బిగించేది ఇంకెవరో. మీరు కట్టే 10 నుంచి 20 శాతం అడ్వాన్సు తరచూ డీలరు కమీషనే, అందుకే తిరిగి ఇవ్వరు. కాబట్టి అడ్వాన్సు ఇచ్చేముందు తయారీదారు పేరు అడిగి, వాళ్ళ వారంటీ కాయితం తెప్పించుకుని చదవండి. మిగతా డబ్బు బిగించడం అయ్యాక, మీరు చూసుకున్నాక ఇచ్చేది. ముందే అంతా కట్టమనేవాళ్ళ దగ్గర కొనకండి.

ధరలో ఏం కలిసి ఉందో ఒక్కొక్కటిగా అడగండి. బిగించే కూలి కలిసే ఉందా? కాళ్ళు 12, 13 అడుగులు దాటితే లిఫ్టు అద్దె వేరుగా వేస్తారా? కాంక్రీటు యాంకర్లు ధరలోనివేనా? ఇంజినీరు బొమ్మలకి ఎంత? పర్మిట్ రాకపోతే అడ్వాన్సు ఏమవుతుంది? జవాబులన్నీ ఈమెయిల్‌లో తెప్పించుకోండి. పర్మిట్ చేతికి వచ్చేదాకా తయారీ మొదలుపెట్టొద్దని కూడా అందులోనే రాయండి.

నెలనెలా కట్టే రెంట్-టు-ఓన్ పథకాలు తేలిగ్గా కనబడతాయి గానీ, మొత్తం కూడి చూస్తే అసలు ధరకి చాలా ఎక్కువ అవుతుంది. అప్పే కావాలంటే క్రెడిట్ యూనియన్‌లో కనుక్కోండి.

బిగించే రోజు

వారం పదిరోజుల్లో అని చెప్పి, వాన పడితే ఇంకో వారం జరుపుతారు, దానికి సిద్ధంగా ఉండండి. ఆ రోజు ఆర్వీని, కార్లని దూరంగా తీసేయండి. చుట్టూ మూడడుగుల చోటు, పైన కరెంటు తీగలు, చెట్టుకొమ్మలు అడ్డం లేకుండా ఉండాలి. ఇద్దరు ముగ్గురు మనుషులు వచ్చి ఒక్క రోజులోనే నిలబెట్టేస్తారు. వాళ్ళలో చాలామందికి స్పానిష్ ఇంగ్లీషు కన్నా హాయిగా వస్తుంది. ముఖం ఎటు, రోడ్డు ఎటు, పక్క రేకు ఏ వైపు అన్నది ఓ కాయితం మీద పెద్దగా బొమ్మ గీసి ఇవ్వండి. మంచినీళ్ళు, మధ్యాహ్నం భోజనం పెట్టండి. ఎండలో రేకు మీద పనిచేస్తున్నవాళ్ళు.

చెక్కు ఇచ్చేముందు వాళ్ళతోనే కలిసి ఓ చుట్టు తిరగండి. ఫ్రేముల లెక్క, యాంకర్ల లెక్క కాయితంతో సరిచూడండి. కాళ్ళ ఎత్తు టేపుతో కొలవండి. స్క్రూలు దగ్గరగా చూడండి. ఒక్కోదాని తల కింద నల్లటి రబ్బరు వాషరు ఉంటుంది. అది కాస్త ఒత్తుకుని తల అంచుదాకా సమంగా కనబడితే సరిగ్గా బిగిసినట్టు. నలిగి బయటికి పిగిలిపోతే ఎక్కువ బిగించారు. వేలితో వాషరు తిరుగుతుంటే తక్కువ బిగించారు. రెండిటిలోనూ నీళ్ళు దిగుతాయి. వాళ్ళుండగానే మార్పించండి. స్క్రూలు దిగినప్పుడు రాలిన ఇనుప రజను కప్పు మీద మిగిలితే మొదటి వానకే తుప్పు మరకలు పడతాయి, మెత్తటి చీపురుతో ఊడ్చేయమనండి. కింద నేల మీద మాత్రం చక్రాల అయస్కాంతం ఒకటి అద్దెకి తెచ్చి మీరే రెండుసార్లు తిప్పండి. మాకు అరచెయ్యి నిండా స్క్రూలు దొరికాయి, అన్నీ టైరు దారిలోవే.

బండి లోపలికి వచ్చాక

మొదటిసారి లోపలికి పెట్టేటప్పుడు ఒకరు వెనక, ఒకరు నిచ్చెన మీద నిలబడి పైన జాగా చూడాలి. సరిగ్గా నిలిచిన చోట టైరు వెనక కాంక్రీటు దిమ్మె పెట్టి, నేల మీద రంగుతో గీత గీసుకుంటే ఆ తర్వాత మాటిమాటికీ దిగి చూడక్కర్లేదు.

కరెంటు పెట్టించుకునేవాళ్ళు ఒక్క మాట తప్పక వినండి. 50 ఆంపుల ఆర్వీ ప్లగ్గు 120/240 వోల్టులది. 30 ఆంపుల ఆర్వీ ప్లగ్గు మాత్రం 120 వోల్టులదే. చూడ్డానికి డ్రయ్యర్ ప్లగ్గులా ఉంటుంది కాబట్టి ఆర్వీల పని తెలియని ఎలక్ట్రీషియన్లు పొరపాటున దానికి 240 ఇచ్చేస్తుంటారు. బండి తగిలించిన మరుక్షణం ఏసీ, మైక్రోవేవ్, కన్వర్టరు అన్నీ కాలిపోతాయి. పని అయ్యాక మీటరు పెట్టి 120 చూపించమనండి, ఆ తర్వాతే తగిలించండి.

ఇంటి బీమా కంపెనీకి కొత్త షెడ్డు సంగతి చెప్పండి. మామూలు పాలసీల్లో ఇంటికి విడిగా ఉన్న కట్టడాలకి ఇంటి విలువలో 10 శాతం దాకా ‘అదర్ స్ట్రక్చర్స్’ కింద వస్తుంది, పాత షెడ్డు, కంచె కూడా ఆ పది శాతంలోవే. కింద ఉన్న ఆర్వీ ఆ పాలసీలోకి రాదు, దానికి దాని సొంత బీమానే. పర్మిట్ తీసుకుని ఉంటే చివరి ఇన్‌స్పెక్షన్ చేయించి, ఆ కాయితం ఇంజినీరు బొమ్మలతో కలిపి దాచండి. ఇల్లు అమ్మే రోజున అడుగుతారు.

వేసవిలో బురద కందిరీగలు పైపుల కొసల్లో, ఆర్వీ ఫర్నేస్ వెంటులో మట్టి గూళ్ళు పెడతాయి. పైపులకి మూతలు, వెంటుకి సన్న జాలీ వేయించండి. మొదటి పెద్ద గాలివాన వెళ్ళిన మర్నాడు స్పానర్ పట్టుకుని ప్రతి కాలి దగ్గరా కూర్చోండి. మా దాంట్లో పదహారో, పదిహేడో బోల్టులు చూస్తే రెండు వదులయ్యాయి, రెండూ నాన్నగారు నీళ్ళ గొట్టంతో పట్టిన ఆ వాయవ్య మూలవే. ఆ మూలకి మళ్ళీ మట్టి దట్టించి, కప్పు నీళ్ళు అక్కడ పడకుండా గట్టర్ వేయించాం.